గుండెపోటు తర్వాత ఇచ్చిన డిశ్చార్జ్ సమ్మరీని ఎలా చదవాలి

అడిగింది క్లుప్తంగా: 58 ఏళ్ల నాన్నగారికి గుండెపోటు వచ్చింది. దగ్గర్లోని ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చి పెద్దాసుపత్రికి పంపారు. మర్నాడు యాంజియోగ్రామ్ చేసి ఒక స్టెంట్ వేశారు. ఇంటికొచ్చాక కాగితాలు చూస్తే "ఏడబ్ల్యూఎంఐ, లైజ్డ్ విత్ టీఎన్‌కే, ఎస్‌వీడీ, పీటీసీఏ విత్ డీఈఎస్ టు మిడ్ ఎల్‌ఏడీ 2.75 × 28, టిమి 3 ఫ్లో, ఆర్‌డబ్ల్యూఎంఏ, ఈఎఫ్ 40%, మైల్డ్ ఎంఆర్, నో క్లాట్/పీఈ" అని ఉంది. గుండె నలభై శాతమే పనిచేస్తోందా? స్టెంట్ వెయ్యడం ఒకరోజు ఆలస్యమైందా? మందులు ఎన్నాళ్లు వాడాలి?

ముందు ఒక మాట. గుండె రిపోర్టులో ఏ పదం కనబడినా అది నాలుగింటిలో దేని గురించో తేల్చుకోండి: గుండెకు రక్తం తెచ్చే నాళాలు, గుండె కండరం, కవాటాలు, గుండెను కొట్టించే కరెంటు. ఇళ్లల్లో కలిగే భయాల్లో చాలావరకు ఒకదాని మాటను ఇంకోదానికి అంటగట్టడం వల్లే పుడతాయి. "బ్లాక్" అన్న మాటే చూడండి. యాంజియోగ్రామ్‌లో బ్లాక్ అంటే రక్తనాళంలో కొవ్వు పేరుకుని దారి ఇరుకవడం. ఈసీజీలో ఆర్‌బీబీబీ, ఎల్‌బీబీబీ, ఫస్ట్ డిగ్రీ బ్లాక్ అంటే కరెంటు వెళ్లే దారిలో ఆలస్యం. దానికి స్టెంట్‌తో సంబంధం లేదు. మామూలు చెకప్‌లో ఆర్‌బీబీబీ అని వచ్చిన మనిషిని "మీకు బ్లాక్ ఉందట" అని ఇంటిల్లిపాదీ బెదరగొట్టేస్తారు. ఎకో (గుండెకు తీసే స్కానింగ్) బాగుంటే చాలామందిలో దానికి ఏ మందూ అక్కర్లేదు. కంప్లీట్ హార్ట్ బ్లాక్ అని ఉంటే మాత్రం నిర్లక్ష్యం చెయ్యకూడదు, దానికి చాలాసార్లు గుండెను కొట్టించే పరికరం, పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుంది.

ఇక మీ కాగితం. ఏడబ్ల్యూఎంఐ అంటే గుండె ముందు గోడకు వచ్చిన పోటు. ఈసీజీలో వీ1 నుంచి వీ4 దాకా ఉన్న లీడ్లలో (గుండెను ఒక్కో వైపు నుంచి చూపే గీతల్లో) ఎస్‌టీ అనే భాగం పైకి లేస్తే అలా రాస్తారు. 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో లేస్తే అది కింది గోడ, ఐడబ్ల్యూఎంఐ. ఎస్‌టీ పైకి లేచిన పోటును స్టెమీ అంటారు. అంటే నాళం దాదాపు పూర్తిగా మూసుకుపోయింది, వెంటనే తెరవాలి. ఎస్‌టీ లేవకుండా, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ మాత్రం పెరిగితే ఎన్‌స్టెమీ. ట్రోపోనిన్ కూడా పెరగకపోతే అన్‌స్టేబుల్ యాంజైనా. ఈ మూడింటికీ కలిపి పెట్టిన పేరే ఏసీఎస్. నొప్పి మొదలైన గంటలోపే పరీక్ష చేస్తే ట్రోపోనిన్ నెగెటివ్ రావచ్చు. అందుకే కొన్ని గంటలాగి మళ్లీ చేస్తారు. "ఒకసారి నార్మల్ వచ్చింది, గ్యాస్ నొప్పే" అని ఇంటికి వచ్చెయ్యడం ప్రమాదం.

"లైజ్డ్ విత్ టీఎన్‌కే" అంటే టెనెక్టెప్లేజ్ అనే ఇంజెక్షన్‌తో గడ్డను కరిగించారని. మనిషి బరువును బట్టి 30 నుంచి 50 మిల్లీగ్రాముల వరకు ఒకేసారి నరంలోకి ఇస్తారు. నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఇవ్వాలి, ఎంత ముందు ఇస్తే కండరం అంత మిగులుతుంది. క్యాథ్‌ల్యాబ్ (యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ వేసే గది) ఉన్న ఆసుపత్రికి చేరి నాళం తెరిపించుకోవడానికి రెండు గంటలకు మించి పట్టేలా ఉంటే, దారిలో కాలం పోగొట్టకుండా ఉన్నచోటే ఈ ఇంజెక్షన్ ఇవ్వడం సరైన పద్ధతి. అది పనిచేస్తే 2 నుంచి 24 గంటల మధ్యలో యాంజియోగ్రామ్ చేస్తారు. ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే గుచ్చితే రక్తస్రావం భయం ఎక్కువ, మరీ ఆలస్యం చేస్తే నాళం మళ్లీ మూసుకుపోయే భయం. కాబట్టి మర్నాడు స్టెంట్ వెయ్యడం ఆలస్యం కాదు, ప్రణాళిక ప్రకారం జరిగిందే. ఇంజెక్షన్ ఇచ్చిన 60 నుంచి 90 నిమిషాల్లో ఎస్‌టీ కనీసం సగానికి దిగకపోతే మాత్రం ఆగకుండా క్యాథ్‌ల్యాబ్‌కు తరలిస్తారు, దాన్ని రెస్క్యూ అంటారు.

కొన్నిచోట్ల టీఎన్‌కే బదులు "ఎస్‌కే" అని రాసి ఉంటుంది. అది స్ట్రెప్టోకైనేజ్, 15 లక్షల యూనిట్లను అరగంట నుంచి గంటసేపు సెలైన్‌లో ఎక్కిస్తారు. అది ఒకసారి ఎక్కించిన మనిషికి మళ్లీ ఇవ్వకూడదు, ఒంట్లో దానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు తయారై ఉంటాయి. మీ బంధువుల్లో ఎవరి కాగితంలోనైనా ఎస్‌కే అని ఉంటే ఆ కాగితం పారెయ్యకుండా దాచమనండి.

యాంజియోగ్రామ్ రిపోర్టు చదవడానికి గుండె రక్తనాళాల చిత్రం మనసులో ఉండాలి. ఎడమవైపు ఒక పొట్టి మొదలు ఉంటుంది, అది లెఫ్ట్ మెయిన్ లేదా ఎల్‌ఎంసీఏ. అది చీలి ముందువైపు దిగేది ఎల్‌ఏడీ, పక్కనుంచి చుట్టి వెనక్కి వెళ్లేది ఎల్‌సీఎక్స్. కుడివైపు విడిగా వచ్చేది ఆర్‌సీఏ. ఎల్‌ఏడీ కొమ్మలు డయాగొనల్స్, కాగితంలో డీ1, డీ2. ఎల్‌సీఎక్స్ కొమ్మలు ఓఎంలు. ప్రాక్సిమల్ అంటే మొదట్లో, మిడ్ అంటే మధ్యలో, డిస్టల్ అంటే చివర్లో, ఆస్టియల్ అంటే పుట్టేచోటే. ఎస్‌వీడీ, డీవీడీ, టీవీడీ అంటే ఒకటి, రెండు, మూడు ప్రధాన నాళాల్లో జబ్బు ఉందని. మీ నాన్నగారికి ఒక్క ఎల్‌ఏడీలోనే, అదీ మధ్యలో ఉంది. మొదట్లోనే మూసుకుపోయి ఉంటే ఇంతకంటే చాలా ఎక్కువ కండరం దెబ్బతినేది.

శాతాల దగ్గర చాలామంది పొరబడతారు. 70% బ్లాక్ అంటే నాళం వెడల్పులో 70 శాతం పోయిందని. వెడల్పు 70 శాతం తగ్గితే రక్తం వెళ్లే దారి వైశాల్యం 91 శాతం పోతుంది. 50% బ్లాక్ దగ్గర కూడా వైశాల్యంలో నాలుగింట మూడొంతులు పోయినట్టే, అయినా కూర్చున్నప్పుడు, నడిచినప్పుడు గుండెకు అది సరిపోతుంది. అందుకే మామూలు నాళాల్లో 70%, లెఫ్ట్ మెయిన్‌లో 50% దాటితేనే దాన్ని ముఖ్యమైన బ్లాక్‌గా లెక్కిస్తారు. ఈ అంకె సాధారణంగా స్క్రీన్ మీద కంటితో చూసి వేసిన అంచనా, ఇద్దరు డాక్టర్లు చూస్తే పది శాతం అటూఇటూ రావడం మామూలే. 50 నుంచి 70 మధ్యలో ఉండి తేల్చలేకపోతే ఎఫ్‌ఎఫ్‌ఆర్ అని సన్నటి తీగతో బ్లాక్‌కు ముందూ వెనకా ఒత్తిడి కొలుస్తారు. 0.80 లేదా అంతకన్నా తక్కువ వస్తే ఆ బ్లాక్ రక్తప్రవాహాన్ని నిజంగా అడ్డుకుంటోందని అర్థం. కాబట్టి "మిగతా నాళాల్లో 30, 40 శాతం ఉన్నాయట, వాటికీ స్టెంట్లు వేయిస్తే పోతుందిగా" అన్న ఆలోచన వద్దు. అనవసరంగా వేసిన స్టెంట్ వల్ల కొత్త ఇబ్బందులే వస్తాయి, వాటికి మందే వైద్యం. పైగా పోటు తెచ్చేది ఎప్పుడూ పెద్ద బ్లాకే కాదు. చిన్న బ్లాక్ పైపొర చిట్లి, దాని మీద గంటల్లో రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోవచ్చు. మూడు నెలల కిందట ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుందన్న మనిషికి పోటు రావడానికి కారణం ఇదే.

పీటీసీఏ, పీసీఐ రెండూ ఒకటే: బెలూన్‌తో వెడల్పు చేసి స్టెంట్ అమర్చడం. డీఈఎస్ అంటే మందు పూసిన స్టెంట్. ఆ మందు, సాధారణంగా సిరోలిమస్ జాతిది, నాళం లోపలి పొర అతిగా పెరిగి మళ్లీ మూసుకుపోకుండా ఆపుతుంది. 2.75 × 28 అంటే వ్యాసం 2.75 మిల్లీమీటర్లు, పొడవు 28 మిల్లీమీటర్లు. టిమి అనేది రక్తం ఎంత వేగంగా పారుతోందో చెప్పే అంకె. సున్నా అంటే అసలు లేదు, 3 అంటే మామూలుగా పారుతోంది. మీకు 3 వచ్చింది, కోరుకునేది అదే. స్టెంట్ పెట్టె మీది స్టిక్కర్‌ను ఫైల్లో అంటించాలి, బిల్లులో స్టెంట్ పేరు, ధర విడిగా చూపించాలి. స్టెంట్ల గరిష్ఠ ధరను కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో కట్టడి చేసింది. అప్పట్లో మందు పూసిన స్టెంట్‌కు 29,600 రూపాయలు, తర్వాత సవరిస్తూ వస్తున్నారు. ఫైల్లో స్టిక్కర్ లేకపోతే వెళ్లి అడిగి తీసుకోండి. స్టెంట్ ఒకసారి అమరాక జారిపోదు, దగ్గినా బరువెత్తినా కదలదు. ఇప్పటి స్టెంట్లతో ఎమ్మారై కూడా తీయించుకోవచ్చు, ముందుగా చెబితే చాలు.

ఇప్పుడు మిమ్మల్ని బాగా భయపెట్టిన ఈఎఫ్. ఇది వందకు వేసిన మార్కు కాదు. ఎడమ జఠరిక (ఒంటికి రక్తం నెట్టే గుండె గది) నిండినప్పుడు అందులో 120 మిల్లీలీటర్ల రక్తం ఉందనుకోండి. ఒక్క దెబ్బకు 70 మిల్లీలీటర్లు బయటికి నెట్టితే ఈఎఫ్ 58%. ఆరోగ్యంగా ఉన్న ఏ గుండే మొత్తం ఖాళీ చెయ్యదు. మగవాళ్లలో 52, ఆడవాళ్లలో 54 దాటితే నార్మల్ కిందే లెక్క. కాబట్టి 40 అంటే "గుండె అరవై శాతం పోయింది" అని కాదు, నార్మల్‌గా 60 దగ్గర ఉండాల్సింది 40కి దిగింది. తగ్గిన మాట నిజం, మందులు గట్టిగా వాడాల్సిన మాటా నిజం. 40, అంతకన్నా తక్కువ ఉంటే పంపింగ్ తగ్గిన గుండె అని, 41 నుంచి 49 అయితే కొద్దిగా తగ్గిందని వర్గీకరిస్తారు. ఎకో తీసే మనిషి మారితే ఐదు శాతం తేడా రావచ్చు. ఈ నెల 40, వచ్చే నెల 38 వస్తే అది దిగజారినట్టు కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి: పోటు వచ్చిన మొదటి వారంలో కొలిచిన ఈఎఫ్ చివరి మాట కాదు. రక్తం కొద్దిసేపు అందక కండరంలో కొంత చచ్చిపోతుంది, కొంత బతికే ఉండి కదలిక మానేస్తుంది. నాళం తెరిచాక ఈ రెండో రకం వారాల్లో, నెలల్లో కోలుకుంటుంది. మీ రిపోర్టులో ఆర్‌డబ్ల్యూఎంఏ అన్నది దీని గురించే. గోడలో ఏ భాగం సరిగా కదలడం లేదో చెబుతుంది. దాని పక్కన హైపోకైనెటిక్ అని ఉంటే తక్కువగా కదులుతోందని, కోలుకునే ఆశ బాగా ఉందని. ఏకైనెటిక్ అంటే కదలడం లేదని. గోడ పల్చబడి మచ్చకట్టిందని కూడా రాసి ఉంటే ఆ భాగం తిరిగి రావడం కష్టం. ఆరు వారాల నుంచి మూడు నెలల మధ్యలో మళ్లీ ఎకో తీయించాలి. పోటు వచ్చి కనీసం 40 రోజులు, స్టెంట్ వేసి మూడు నెలలు గడిచి, మందులన్నీ సరిగా వాడాక కూడా ఈఎఫ్ 35 లేదా అంతకన్నా తక్కువే ఉంటే ఐసీడీ అనే పరికరం గురించి డాక్టరు మాట్లాడతారు. ప్రాణాంతకమైన లయ వస్తే లోపలినుంచే షాక్ ఇచ్చే యంత్రమది. ఇప్పుడే దాని గురించి బెంగపడొద్దు.

మైల్డ్ ఎంఆర్ అంటే మైట్రల్ కవాటం దగ్గర కొద్దిగా రక్తం వెనక్కి కారుతోందని. ట్రివియల్, మైల్డ్ అన్నవి చాలా రిపోర్టుల్లో ఉంటాయి, వాటికి ఆపరేషన్ ఉండదు. గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ (కొట్టుకున్నాక గుండె కండరం సరిగా సడలకపోవడం) కూడా బీపీ, షుగర్ ఉన్న వయసు మళ్లినవాళ్లలో సర్వసాధారణం. "నో క్లాట్/పీఈ" దగ్గర జాగ్రత్త: ఎకో రిపోర్టులో పీఈ అంటే గుండె చుట్టూ ఉన్న సంచిలో నీరు చేరడం. అవే రెండక్షరాలు ఛాతీ సీటీ రిపోర్టులో ఉంటే ఊపిరితిత్తుల నాళంలో గడ్డ అని అర్థం, అది వేరే అత్యవసర జబ్బు. క్లాట్ లేదన్నది మీకు మంచి వార్త. ముందు గోడకు పోటు వచ్చినవాళ్లకు కదలని మూలలో గడ్డకట్టే అవకాశం ఉంటుంది. అది ఉంటే మామూలు మాత్రలకు తోడు, గడ్డ పెరగకుండా ఆపే రకం, రక్తం పల్చబరిచే మందు కొన్ని నెలలు అదనంగా వాడాలి.

హార్ట్ అటాక్, హార్ట్ ఫెయిల్యూర్, కార్డియాక్ అరెస్ట్ మూడూ ఒకటి కావు. మొదటిది నాళం మూసుకుపోవడం. రెండోది పంపింగ్ చాలక ఆయాసం, కాళ్ల వాపు రావడం. ఫెయిల్యూర్ అన్నంత మాత్రాన గుండె ఆగిపోయిందని కాదు, మందులతో ఏళ్ల తరబడి బాగా ఉండే మనుషులు ఎందరో ఉన్నారు. మూడోది కరెంటు గతితప్పి గుండె కొట్టుకోవడం ఆగిపోవడం, మనిషి కుప్పకూలిపోయి, ఊపిరి ఆగి, పిలిచినా పలకడు. అప్పుడు 108కి ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండాలి. ఇంట్లో కనీసం ఇద్దరు ఇది నేర్చుకోండి.

మందుల దగ్గరికి వద్దాం. ఎవరి ప్రాణమైనా ఇంట్లో నిర్లక్ష్యం వల్ల పోయేది ఇక్కడే. డీఏపీటీ అంటే ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా ఆపే రెండు మందులు కలిపి వాడటం. ఒకటి ఆస్పిరిన్ 75. రెండోది టికాగ్రెలార్ 90 రోజుకు రెండుసార్లు, లేదా క్లోపిడోగ్రెల్ 75 రోజుకు ఒకసారి, లేదా ప్రాసుగ్రెల్ 10. గుండెపోటుకు స్టెంట్ వేస్తే రెండూ కలిపి సాధారణంగా 12 నెలలు. రక్తస్రావం భయం ఉన్నవాళ్లకు డాక్టరు ముందే తగ్గిస్తారు. ఆ తర్వాత రెండింటిలో ఒకటి, ఎక్కువగా ఆస్పిరిన్, జీవితాంతం. స్టెంట్ తీగల మీద కొత్త పొర ఏర్పడేలోపు ఈ మాత్రలు ఆపితే స్టెంట్‌లో గడ్డకట్టి ఇంకో పెద్ద పోటు రావచ్చు, అలా వస్తే చాలామంది దక్కరు. ఆపడానికి దారితీసేవి చిన్న విషయాలే: పన్ను పీకించుకోవాలని, పసరు మందు మొదలుపెట్టామని, ఊరెళ్తూ మాత్రలు మర్చిపోయామని, చేతిమీద నీలం మచ్చలు వచ్చాయని. పంటి డాక్టరు ఆపమంటే గుండె డాక్టరుతో మాట్లాడించండి, సొంతంగా ఆపొద్దు. టికాగ్రెలార్‌తో కొందరికి ఆయాసంగా అనిపిస్తుంది. అప్పుడు కూడా ఆపకుండా డాక్టర్ని కలిస్తే మందు మారుస్తారు. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట మామూలు మోతాదే వెయ్యాలి, రెండు కలిపి కాదు. నల్లగా తారులా విరేచనం అయితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకో పొరపాటు: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించేది) మూడూ కలిసిన క్యాప్సూల్స్ దొరుకుతాయి. ఒక డాక్టరు విడివిడిగా, ఇంకో డాక్టరు కలిపి రాస్తే రెండూ వేసేసుకుంటారు. స్ట్రిప్ మీద పెద్దక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు వదిలేసి, కింద చిన్నక్షరాల్లో ఉన్న మందు పేర్లు చూసి పోల్చుకోండి. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనొద్దు. అవి రక్తస్రావాన్నీ, ఒంట్లో నీటినీ, కిడ్నీ మీద భారాన్నీ పెంచుతాయి. నొప్పికి పారాసిటమాల్ చాలు.

అటోర్వాస్టాటిన్ 80 గానీ రోజువాస్టాటిన్ 20 గానీ "కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చింది కదా" అని ఆపేస్తుంటారు. నార్మల్ వచ్చింది మాత్ర వల్లే. పోటు వచ్చినవాళ్లకు ల్యాబ్ కాగితం మీది నార్మల్ గీత సరిపోదు, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 55 కంటే దిగువకు తేవాలని ఇప్పటి లక్ష్యం. బీపీనీ గుండె మీద భారాన్నీ తగ్గించే రామిప్రిల్‌తో పొడిదగ్గు పట్టుకుంటే దగ్గు సిరప్పులు తాగిస్తూ కూర్చోకండి, మందు మార్చాలి. రామిప్రిల్‌తో పాటు స్పైరనోలాక్టోన్ లేదా ఎప్లెరినోన్ కూడా ఉంటే (ఇవి ఒంట్లో పొటాషియం పెంచుతాయి) మొదటి రెండు వారాల్లోనే క్రియాటినిన్ అనే కిడ్నీ పరీక్ష, పొటాషియం చూపించండి. రోజూ కొబ్బరిబోండాలు, "లో సోడియం" అని అమ్మే ఉప్పు మానండి, ఆ ఉప్పులో పొటాషియమే ఉంటుంది. మామూలు ఉప్పు రోజంతటికీ ఒక టీస్పూన్ లోపు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, మజ్జిగ మిరపకాయల్లో ఉన్నది కూడా ఆ లెక్కలోకే. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు బరువు చూడండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చెయ్యండి.

మందుల పట్టికలో 1-0-1 అంటే ఉదయం, రాత్రి. హెచ్‌ఎస్ అంటే పడుకునేముందు. ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. "సార్బిట్రేట్ 5 ఎస్/ఎల్ ఎస్‌ఓఎస్" అని ఉంటే ఛాతీనొప్పి వచ్చినప్పుడు కూర్చోబెట్టి నాలుక కింద ఒక మాత్ర పెట్టాలి. నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి తూలిపోతారు. కళ్లు తిరుగుతున్నా, బీపీ పై అంకె 90 లోపు ఉన్నా, అంతకుముందు రోజు సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి మాత్ర వేసుకున్నా పెట్టకూడదు. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108 పిలవండి. ఆటోలో, బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లొద్దు.

ఎన్టీఆర్ వైద్యసేవ కింద గానీ ఆరోగ్యశ్రీ కింద గానీ చేయించుకుని ఉంటే, ప్యాకేజీలో తర్వాతి నెలల మందులు ఉన్నాయేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. ప్రతి చూపింపుకూ డిశ్చార్జ్ సమ్మరీ, యాంజియో సీడీ, స్టెంట్ స్టిక్కర్, ఇంటికి పంపిన రోజు తీసిన ఈసీజీ తీసుకెళ్లండి. ఆ ఈసీజీని ఫోన్లో కూడా ఫొటో తీసి పెట్టుకోండి. పోటు వచ్చిన గుండె ఈసీజీ చాలామందిలో మళ్లీ మామూలుగా మారదు. రేపు ఏ అర్ధరాత్రో నొప్పంటూ కొత్త ఆసుపత్రికి వెళ్తే, ఆ మార్పులు పాతవో కొత్తవో డ్యూటీ డాక్టరు నిమిషంలో తేల్చుకోవడానికి పాత ఈసీజీ పక్కన ఉండాలి.